పాలతో మింగిన గుళిక

పదిహేడేండ్ల ప్రాయములో, అద్దము కనిపించిన ప్రతిచోటను తల వంచుకొని నడచుట నాకు అలవాటైపోయిన దినములలో, అమలాపురములోని ఒక వైద్యుడు వ్రాసి ఇచ్చిన టెట్రాసైక్లిన్ గుళికలను, ఉదయమొకటి రాత్రియొకటి చొప్పున రెండు నెలలపాటు, మా అమ్మ కాచి చల్లార్చి ఇచ్చిన గ్లాసెడు చిక్కని గేదెపాలతో మింగినాను. "ఇంగ్లీషు మందు ఒంటికి వేడి చేస్తుంది నాన్నా, ఉత్త నీళ్ళతో వేసుకోకు" అన్నది ఆమె మాట. ఆ మాటను కాదనుటకు రాజోలు సీమలో ఏ తల్లి కొడుకును సాహసింపడు. రెండు నెలలు గడచినవి. చెంపలమీది ఎర్రని గడ్డలు ఒక్కటియు తగ్గలేదు సరికదా, గడ్డము క్రింద మరి నాలుగు పుట్టుకొని వచ్చినవి. గన్నవరము అక్విడక్టు మీదుగా పోవు బస్సులో కిటికీవైపు ముఖము త్రిప్పుకొని కూర్చుండి, ఎదుటివారు నన్ను చూచుట లేదని నన్ను నేనే నమ్మించుకొనుచు, తిరిగి ఆ వైద్యుని కడకు పోయినాను.

ఆయన నా ముఖమును కిటికీ వెలుతురులోనికి త్రిప్పి చూచి, చాలసేపు మాటాడక, చివరకు ఒక్క ప్రశ్న వేసినాడు.

"దేనితో వేసుకుంటున్నావోయ్?"

"పాలతోనండి."

"రెండు పూటలా?"

"ఆయ్, రెండు పూటలానండి. పొద్దున్న పెరుగన్నం తిని వేసుకున్న రోజులు కూడా ఉన్నాయండి."

ఆయన కలము క్రింద పెట్టినాడు. "తప్పు నీది కాదు, మీ అమ్మగారిది అంతకన్నా కాదు. నేను చెప్పాలి, చెప్పలేదు" అన్నాడు. పాలలోనుండు కాల్షియము ఈ జాతి మందును కడుపులోనే పట్టి బంధించుననియు, అట్లు బంధింపబడిన మందు రక్తములోనికి ఎక్కక ప్రేగుల దారినే బయటికి పోవుననియు, కనుక నేను లెక్కతప్పక మింగిన గుళికలలో చాలవంతు నా చర్మమువరకు చేరనేలేదనియు ఆయన విడమరచి చెప్పినప్పుడు, నాకు కోపము రాలేదు. ఎవరో నా భుజముమీది బరువును దించినట్లైనది. మందు పనిచేయని శరీరము నాదని అంతవరకు నేను అనుకొనుచుంటిని.

నలుబది సంవత్సరములు దాటిన పిమ్మట, ఈ కథనము కొరకు అమలాపురములోను, రాజోలులోను, కొత్తపేటలోను మొటిమలకు నోటి మందు వాడిన యువతీయువకులతోను, వారి తల్లులతోను కూర్చుండి మాటాడినప్పుడు, గుళిక పేరు మారినది, రంగు మారినది, వెల మారినది, కాని ఆ పాలగ్లాసు మాత్రము ఇంకను అక్కడనే ఉన్నదని తెలిసికొన్నాను. పాలు లేనిచోట మజ్జిగ ఉన్నది. మందు మంచిదే, దానితోపాటు చెప్పవలసిన నాలుగు మాటలు మాత్రము రోగివరకు వచ్చుట లేదు. నేను ఈ వ్యాసములో చెప్పదలచినది ఈ ఒక్క సంగతియే.

బూరుగు ముళ్ళు

మొటిమ నేటి కాలపు తెగులు కాదు. సుశ్రుత సంహిత నిదాన స్థానములో క్షుద్రరోగముల నడుమ దీనికి ముఖదూషిక అని పేరు పెట్టి, యౌవనములో ముఖమున పుట్టు ఈ పొక్కులను బూరుగు చెట్టు ముళ్ళతో పోల్చినారు. బూరుగు మాను బెరడుమీద వ్రేలు పెట్టి చూచిన గ్రామీణులకు ఆ ఉపమానము ఎంత కచ్చితమైనదో వేరుగ చెప్పనక్కరలేదు. నేటి వైద్యము చెప్పునది ఇది: యౌవనారంభమున దేహములో పెరుగు హార్మోనుల ప్రేరణచే చర్మములోని తైలగ్రంథులు హెచ్చుగా జిడ్డును స్రవింపజేయును, రోమకూపపు ముఖమున మృతకణములు పేరుకొని బిరడావలె మూసికొనును, ఆ మూతబడిన గదిలో, మామూలుగా మన చర్మముమీదనే నిరపాయముగా నివసించు క్యూటిబాక్టీరియమ్ ఆక్నెస్ అను సూక్ష్మజీవి వృద్ధిపొందును, దానిని ఎదుర్కొనబోయిన శరీరపు రక్షణశక్తియే ఎరుపును, వాపును, నొప్పిని, చీమును తెచ్చును. అనగా ఇందులో సూక్ష్మజీవి పాత్ర నాలుగింట ఒకటి. ఆంటీబయాటిక్ ఒక్కటే ఈ రోగమును తుదముట్టింపలేకపోవుటకు కారణము అక్కడనే ఉన్నది. జిడ్డును అది ఆపదు, బిరడాను తీయదు.

మా కోనసీమ గాలికి ఇందులో తన వంతు కలదు. మూడు వైపుల గోదావరి పాయలు, ఒక వైపు సముద్రము, నడుమ కొబ్బరితోటలు, కాలువలు, వరిచేలు. చైత్రము మొదలు ఆశ్వయుజము వరకు ఒంటిమీది చెమట ఆరదు. దానికి తోడు తలకు దండిగా కొబ్బరినూనె పెట్టి దువ్వుట ఇక్కడ శుభ్రతకు లక్షణము. ఆ నూనె చెమటతో కలిసి నుదుటిమీదికి జారి, కొందరికి వెండ్రుకల అంచునే చిన్న చిన్న పొక్కులను లేపును. కొబ్బరిమీద బ్రతుకు సీమలో కొబ్బరినూనెను దూషించుట నా ఉద్దేశము కాదు. మొటిమలున్న పిల్ల తలకు రాసిన నూనె నుదుటికి దిగకుండ చూచుకొని, ముఖమునకు మాత్రము రాయకుండుట మేలని చెప్పుచున్నాను.

ఇంటి వైద్యము సంగతి పాఠకులకు తెలియనిది కాదు. పసుపు, చందనము, వేపాకు, సున్నిపిండి, ముల్తానీ మట్టి, ఈ కాలమున టూత్‌పేస్టు. ఇవి పనిచేయక, "వయసండీ, అదే పోతుంది" అన్న బంధువుల ఓదార్పు పనిచేయక, పిల్లలు ఒంటరిగా మందులషాపు మెట్టెక్కుచున్నారు. ఆ ఒంటరితనము నన్ను బాధించును. జ్వరము వచ్చిన బిడ్డను తల్లిదండ్రులు చేయి పట్టుకొని ఆస్పత్రికి తీసికొనిపోదురు. మొటిమ వచ్చిన బిడ్డను చూచి నవ్వుదురు. లోతైన గడ్డలు మానిన తరువాత చెంపమీద మిగులు గుంటలు జన్మాంతము ఉండును గదా. ఆ నవ్విన దినములలోనే అవి ఏర్పడుచున్నవి.

భీమవరపు బిడ్డ

నేను పాలతో మింగిన ఆ గుళిక ఎక్కడిదో రాజోలువారు తెలిసికొనదగినది. చించినాడ వంతెనమీద వశిష్ఠను దాటి, పాలకొల్లు మీదుగా పోయినచో వచ్చు భీమవరములో, 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు జన్మించినాడు. రాజమహేంద్రిలో బడి చదువు, మద్రాసులో వైద్యవిద్య. స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధి ఆయన తోబుట్టువులను పొట్టన పెట్టుకొన్నది. అనపర్తి మామగారి ఆదరువుతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయముతోను 1922లో ఆయన బోస్టను చేరి, హార్వర్డులో ఏండ్ల తరబడి గుర్తింపునకు నోచని పరిశోధన చేసి, 1940లో న్యూయార్కు రాష్ట్రమునందలి పెరల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకు పోయి, అక్కడ పరిశోధనలకు అధిపతి అయినాడు.

ఆయన పర్యవేక్షణలో, విశ్వవిద్యాలయమునుండి విశ్రాంతి పొందిన బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రవేత్త, నలుమూలలనుండి తెప్పించిన మట్టి నమూనాలను వరుసగా పరీక్షించుచుండెను. మిస్సోరీ విశ్వవిద్యాలయపు ఒక పొలమునుండి వచ్చిన మట్టిలో, 1945లో, బంగారు రంగు గల ఒక సూక్ష్మజీవి దొరికినది. దానినుండి తీసిన మందునకు ఆ రంగును బట్టియే ఆరియోమైసిన్ అని పేరు వచ్చినది. 1948 జులైలో న్యూయార్కు అకాడమీ ఆఫ్ సైన్సెస్ సభలో ఆ మందును లోకమునకు వెల్లడించినారు. మరుసటి నెలలోనే, ఏబదిమూడేండ్ల వయస్సులో, సుబ్బారావు నిద్రలో కన్నుమూసినాడు. ఆరియోమైసిన్ అణువునుండి ఒక క్లోరిన్ పరమాణువును తొలగించగా టెట్రాసైక్లిన్ అయినది. ఆ వంశములోనే 1967లో డాక్సీసైక్లిన్ వాడుకలోనికి వచ్చినది; లెడర్లీ పరిశోధకుల చేతిలోనే మినోసైక్లిన్ రూపొందినది. నేడు అమలాపురములో చర్మవైద్యుడు మొటిమలకు చీటీ వ్రాసి "రోజుకొక డాక్సీ" అన్నప్పుడు, ఆ మాట వెనుక గోదావరి ఆవలి గట్టున పుట్టిన ఒక బిడ్డ నడిపించిన ప్రయోగశాల ఉన్నది.

మొటిమ కొరకు ఆయన ఈ మందును వెదకలేదు. న్యుమోనియాలను, రికెట్సియా జ్వరములను ఎదుర్కొనుటకు అది పుట్టినది. కాని 1950లలోనే చర్మవైద్యులు దీనిని చిన్న మోతాదులలో మొటిమలకు ఇచ్చి గుణము చూచినారు. సూక్ష్మజీవిని అణచుటతోపాటు వాపును, ఎరుపును నేరుగా తగ్గించు స్వభావము ఈ జాతికి కలదని పిమ్మట తేలినది. అందువలననే, ఎన్ని కొత్త మందులు వచ్చినను, మధ్యస్థముగాను, తీవ్రముగాను ఉన్న ఎర్రని మొటిమలకు నోటిద్వారా ఇచ్చు మందులలో డాక్సీసైక్లిన్ నేటికిని ముందు నిలుచుచున్నది.

నీళ్ళు, ఎండ, నిద్ర

రాజోలు దగ్గర మా బంధువుల అమ్మాయి, డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నది, తన అనుభవమును నాకు ఇట్లు చెప్పినది. "రాత్రి పడుకోబోయే ముందు గుర్తొచ్చేది మావయ్యా. మంచం మీదే కూర్చుని, గుక్కెడు నీళ్ళతో మింగేసి, వెంటనే వాలిపోయేదాన్ని. నాలుగో రోజు తెల్లారేసరికి గుండెల మధ్య నిప్పు పెట్టినట్టుంది. ఉమ్మి మింగాలన్నా ఏడుపొచ్చేది." ఇంటివారు గ్యాసు అన్నారు, వాము నీళ్ళు పట్టించినారు. మూడు దినములు అన్నము దిగలేదు. జరిగినదేమనగా, చాలినంత నీరు లేక గుళిక అన్నవాహికలోనే అంటుకొని కరగి, లోపలి పొరను కాల్చి పుండు చేసినది. డాక్సీసైక్లిన్‌కు ఇది బాగుగ తెలిసిన దుర్గుణము. నివారణ ఇంతటి సులభమైనది మరియొకటి లేదు: కూర్చుండియో నిలుచుండియో పెద్ద గ్లాసు నిండుగా మంచినీళ్ళతో మింగవలెను, మింగిన పిమ్మట అరగంట, వీలైన గంటసేపు, నడుము వాల్చరాదు. ఈ ఒక్క వాక్యము ఆ చీటీతోపాటు చెప్పియుండిన ఆ పిల్లకు ఆ మూడు దినముల బాధ తప్పియుండెడిది. గుళిక వేసికొనినప్పుడు కడుపులో త్రిప్పుచున్నచో కొద్దిగా టిఫిను తిని వేసికొనవచ్చును. డాక్సీసైక్లిన్ విషయములో ఆహారము పాత టెట్రాసైక్లిన్ విషయములో వలె పెద్ద ఆటంకము కాదు. అయినను పాలు, పెరుగు, కాల్షియము బిళ్ళలు, గ్యాసునకు త్రాగు తెల్లమందు, వీటిని ఆ వేళకు దూరముగ ఉంచుటయే మేలు.

ఐరన్ బిళ్ళ సంగతి ప్రత్యేకముగ చెప్పవలెను. మా బడులలో ఆడపిల్లలకు రక్తహీనతకు వారమునకొకటి ఇచ్చు నీలిరంగు బిళ్ళలో ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలసి ఉండును. ఆ ఫోలిక్ ఆమ్లమును మొట్టమొదట 1945లో కృత్రిమముగా తయారుచేసినది సుబ్బారావుగారి బృందమే. ఆయన ప్రయోగశాలలో తయారైన మందును, అక్కడ మొదలైన వంశములోని మందును ఒకే పిల్ల చేతికి వచ్చుచున్నవి. కాని ఒకదానితోనున్న ఇనుము రెండవదానిని కడుపులో పట్టి నిలుపును. రెండును మానవద్దు, వైద్యుని అడిగి వేళలు వేరు చేసికొనవలెను.

ఇక ఎండ. ఒక కుర్రవాడు, కొబ్బరికాయల దింపు పనికి తోటలవెంట తిరుగువాడు, డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన మూడవ వారమున జగ్గన్నతోట ప్రభల తీర్థమునకు పోయి, కనుమనాటి ఎండలో ప్రభ వెంట పొద్దంతయు నడచినాడు. చలికాలపు ఎండయే, ఏటేట వాడు తిరిగిన ఎండయే. సాయంకాలమునకు ముక్కు, చెంపలు, చేతుల వెలుపలి భాగము కాలినట్లు ఎర్రబారి మండినవి. "మందు పడలేదండి" అని వాడు మానివేసినాడు. మందు పడకపోవుట కాదు. ఈ మందు చర్మమును ఎండకు సుకుమారముగ చేయును. ఎండలో బ్రతుకు నడుపువానికి ఈ మాట ముందే చెప్పినచో, తలకు తువ్వాలు చుట్టుకొని, ముఖమునకు నీడ చేసికొని, వైద్యుడు చెప్పిన సన్‌స్క్రీను రాసికొని పోయియుండును. లేదా వైద్యుడే వేరు మందు చూచియుండును. కూలి పని చేయువానిని "ఎండలో తిరగకు" అనుట సలహా కాదు. ఈ ఎడమును వైద్యులు గమనింపవలెను.

"వేడి చేయుట" అను మాటను నేను తేలికగ తీసివేయను. మందు మింగిన తరువాత నోరు పూయుట, కడుపు మండుట, స్త్రీలకు మర్మావయవములలో దురద పుట్టుట, ఇవన్నియు ఆ ఒక్క మాటలో ఇక్కడివారు ఇముడ్చుచున్నారు. వీటిలో కడపటిది ఆంటీబయాటిక్ వలన మేలు చేయు సూక్ష్మజీవులు తగ్గి ఈస్టు పెరుగుటచే వచ్చునది, సులభముగ నయమగునది. కాని కొత్తపేటలో ఒక యువతి ఆ దురదను తల్లితో గూడ చెప్పుకొనలేక నెల దినములు ఓర్చుకొన్నానని చెప్పినప్పుడు, "వేడి" అన్న మాట చాటున ఎన్ని బాధలు దాగియున్నవో తెలిసినది. కొబ్బరినీళ్ళు త్రాగండి, మంచిదే. బాధను మాత్రము దాని అసలు పేరుతో వైద్యునికి చెప్పండి.

ఆపు తేదీ లేని చీటీ

అన్నిటికంటె నన్ను కలవరపెట్టిన అనుభవము, కొత్తపేటలో ఇల్లు, కాకినాడలో ఇంజనీరింగు చదువుగల ఒక యువకునిది. రెండేండ్ల క్రిందట అజిత్రోమైసిన్ బిళ్ళను వారములో మూడు దినములు వేసికొనుమని ఒక చీటీ దొరికినది. ముఖము తేటబడినది. మానిన రెండు నెలలకు మొటిమలు మరల వచ్చినవి. అదే చీటీతో అతడు మరల మందులషాపునకు పోయినాడు. పిమ్మట చీటీ అక్కరలేకయే ఇచ్చినారు. అట్లు ఏడాదిన్నర. "మొదటిసారి పది రోజుల్లో పోయాయండి. ఇప్పుడు నెలైనా కదలట్లేదు" అన్నాడతడు, తన ముఖము తనకు ద్రోహము చేసినట్లు.

కదలకపోవుటకు కారణము కలదు. మందునకు తాళుకొన్న సూక్ష్మజీవులు మిగిలి వర్ధిల్లును. మొటిమల సూక్ష్మజీవులలో ఈ మొండితనము 1970లలోనే బయటపడినది. నేడు ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ జాతికి అది మరింత హెచ్చు. అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి: గుళిక ముఖమునకు మాత్రమే పోదు, ప్రేగులకు, గొంతుకు, దేహమంతటికి పోవును, అక్కడి జీవులన్నియు ఆ పాఠమును నేర్చుకొనును. టైఫాయిడునకు మిగిలియున్న కొద్ది నోటి మందులలో అజిత్రోమైసిన్ ఒకటి. దానిని ఏడాదిన్నర మొటిమల కొరకు మింగుట ఎంతటి వ్యయమో ఆ యువకునికి ఎవ్వరును చెప్పలేదు.

అందువలననే చర్మవైద్య సంఘముల మార్గదర్శకములు దేశదేశములలో ఒకే మాట చెప్పుచున్నవి: నోటి ఆంటీబయాటిక్ మూడు, నాలుగు నెలలకు మించి సాగరాదు, అది ఒంటరిగ ఇవ్వరాదు, దానితోపాటు పైపూతగా బెంజాయిల్ పెరాక్సైడును, రోమకూపపు బిరడాను కరగించు అడాపలీన్ వంటి రెటినాయిడు జెల్లును వాడవలెను. బెంజాయిల్ పెరాక్సైడునకు సూక్ష్మజీవులు మొండిబారవు. గుళిక ఆగిన పిమ్మట గూడ ఆ రెటినాయిడు జెల్లును కొనసాగించినచో మొటిమలు తిరిగి వచ్చుట తగ్గును. ఆ ఇంజనీరింగు యువకుని చీటీలో బెంజాయిల్ పెరాక్సైడు జెల్లు వ్రాసియున్నది. దిండు గలీబు మీద తెల్లని మచ్చలు పడుచున్నవని, ముఖము పొరలు లేచుచున్నదని వారము దినములకే అతడు దానిని మూలబెట్టినాడు. ఆ మచ్చలు రోగము కాదు. ఆ మందు బట్టల రంగును తీసివేయును. పాత తెల్లని తువ్వాలు వాడుకొమ్మని, మొదట రెండు రోజులకొకసారి పలుచగ రాయుమని ఎవరైన చెప్పియుండిన సరిపోయెడిది.

మరియొక మాట. ఆరు, ఎనిమిది వారములవరకు పెద్ద మార్పు కనిపింపకపోవచ్చును. ఈ ఓర్పు లేక రెండు వారములకే మందు మానువారు కొందరు. గుణమిచ్చిన ఆనందములో ఎన్నటికిని మాననివారు కొందరు. నా యెదుట కూర్చున్నవారిలో ఇద్దరు ముగ్గురు తప్ప, మొదటిదినమే "ఫలానా నెలకు ఆపవలెను" అని విన్నవారు లేరు.

ఇక తక్కిన నోటి మందులు. మినోసైక్లిన్ తల త్రిప్పును, దీర్ఘకాలము వాడినచో కొందరికి చర్మమున నీలిబూడిద మచ్చలు తెచ్చును. అందుచేత అది రెండవ వరుసకు పోయినది. ఐసోట్రెటినాయిన్ వేరు జాతి మందు. తీవ్రమైన మొటిమలను మూలమంట అణచగలది. కాని గర్భిణి వాడినచో శిశువునకు ఘోరమైన అవకరములు కలిగించును గనుక వైద్యుని కట్టుదిట్టములలోనే వాడవలెను. దానిని టెట్రాసైక్లిన్ జాతితో కలిపి ఎన్నడును మింగరాదు. తలలోని ఒత్తిడి పెరిగి తలనొప్పి, చూపు మసకబారుట వచ్చును. డాక్సీసైక్లిన్‌ను గర్భవతులకు, ఎనిమిదేండ్లలోపు పిల్లలకు మొటిమల వంటి వాటికి ఇవ్వరు. దంతములకు, ఎముకలకు అంటుకొను గుణము దీనికి కలదు. కొత్తగా పెండ్లియైన అమ్మాయి తాను గర్భవతి కావచ్చునన్న సంగతిని సిగ్గు విడిచి వైద్యునికి చెప్పితీరవలెను.

పెండ్లి అనగా గుర్తు వచ్చినది. "పెళ్ళయితే పోతాయి" అను మాటను ఈ సీమలో నేను వినని ఇల్లు లేదు. ఇరువదియారేండ్ల ఒక ఉపాధ్యాయిని, పెండ్లిచూపుల ముందు త్వరగా తగ్గవలెనని, తెలిసినవారు చెప్పిన "తెల్లబడే క్రీము" రాసికొన్నది. పది దినములలో ముఖము అద్దమువలె మెరిసినది. మూడు నెలలకు ఆ క్రీము మానిన మరునాడు ముఖమంతయు ఎర్రబడి, మండి, మునుపటికి రెట్టింపు మొటిమలు పుట్టినవి. అది స్టిరాయిడు. మన దేశపు చర్మవైద్యులు ఈ దురవస్థను ప్రత్యేకముగ అధ్యయనము చేసి స్టిరాయిడుచే దెబ్బతిన్న ముఖమని దానికి పేరే పెట్టినారు. 2018లో కేంద్రప్రభుత్వము పలు స్టిరాయిడ్ లేపనములను చీటీ లేక అమ్మరాదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చినది. ఆ ఉపాధ్యాయినికి గడ్డము దగ్గర వెండ్రుకలు, నెలసరి తప్పుట గూడ ఉన్నవని ఆలస్యముగ తెలిసినది, పరీక్షలలో పి.సి.ఓ.డి. అను హార్మోనుల రుగ్మత తేలినది. ఆంటీబయాటిక్ ఆమెకు తాత్కాలిక ఉపశమనము మాత్రమే. వైద్యము హార్మోనులకు జరుగవలసియున్నది. "ఐదేళ్ళు ముఖానికే మందు వేశానండి, లోపల ఏముందో ఎవరూ అడగలేదు" అన్నది ఆమె. ఆ మాట నా చెవిలో ఇంకను ఉన్నది.

లంకలకు కావలసిన మందు

2022 జులైలో గోదావరి పొంగి మా లంకగ్రామములను ముంచినప్పుడు, రోజుల తరబడి జనము మోకాటిలోతు బురదనీటిలో తిరిగినారు. అట్టి నీటిలో ఎలుకల మూత్రము కలిసి వచ్చు లెప్టోస్పైరోసిస్ అను ఎలుక జ్వరమునకు, పొలముగట్ల పొదలలో నల్లివంటి చిన్న పురుగు కుట్టి వచ్చు స్క్రబ్ టైఫస్‌కు, మొదట చేతికి తీసికొనవలసిన మందు డాక్సీసైక్లినే. తరతరములుగ మా జిల్లాను పీడించిన బోదకాలు వ్యాధిలో గూడ, ఆ పురుగు దేహములో కాపురముండి దానికి ప్రాణాధారమైన వోల్బాకియా అను సూక్ష్మజీవిని ఇదే మందు చంపుననియు, కాలివాపును కొంత తగ్గింపవచ్చుననియు కొన్ని పరిశోధనలు తెలుపుచున్నవి. బోదకాలునకు ఇంటింట పంచిన డి.ఇ.సి. బిళ్ళ గూడ సుబ్బారావుగారి ప్రయోగశాలనుండి వచ్చినదే. ఇంతటి మందును మొటిమలకు వాడరాదని నేను అనను. మొటిమ చిన్న రోగమని గూడ అనను. గుంటలుపడిన ముఖముతో సభలలో వెనుక వరుసను వెదకికొనుచు బ్రతికినవాడిని. దాని బరువు నాకు తెలియును. ఇది నిత్యము మింగు విటమిను కాదని, గడువు గల సహాయమని మాత్రము అనుచున్నాను.

ఆంటీబయాటిక్ స్ట్రిప్పు వెనుక నిలువుగా ఒక ఎర్రగీత ఉండును. వైద్యుని చీటీ లేనిదే ఆ మందు కొనరాదని జనమునకు తెలియజెప్పుటకు కేంద్రప్రభుత్వము 2016లో దానిమీద ప్రచారము మొదలుపెట్టినది. నేను మాటాడిన యువకులలో ఆ గీతను చూచినవారు పలువురు. దాని అర్థము తెలిసినవారు ఇద్దరు.

రాజోలు అమ్మాయి పుండు మానిన పిమ్మట వేరొక వైద్యురాలి కడకు పోయినది. ఆమె అదే డాక్సీసైక్లిన్‌ను తిరిగి వ్రాసినది, కాని చీటీ మీద తెలుగులోనే నాలుగు పంక్తులు చేర్చినది: ఉదయము టిఫిను తరువాత, పెద్ద గ్లాసు నీళ్ళతో, పాలు వద్దు, పన్నెండు వారములకు ఆపవలెను, క్రింద ఆపవలసిన తేదీ. రాత్రికి జెల్లు. ఏడవ వారమున ఆ పిల్ల మా ఇంటికి వచ్చినప్పుడు, వాకిట అద్దము ముందు ఆగి జడ సవరించుకొన్నది. ఆ తేదీనాడు స్ట్రిప్పులో మిగిలిన రెండు గుళికలను అటకమీద దాచుకొనక తల్లి చేతికి ఇచ్చివేసినది. జెల్లు ఇంకను వాడుచున్నది. ఎడమ చెంపమీద రెండు చిన్న గుంటలు మిగిలినవి.

అయ్యా, అమ్మా, మీ ఇంట ఒక పిల్లవాడో పిల్లయో అద్దమునకు ముఖము చాటుచేసి తిరుగుచున్నచో, వయసని నవ్వకండి. మందులషాపునకు ఒంటరిగ పంపకండి. మీరే వెంటబెట్టుకొని చర్మవైద్యుని కడకు తీసికొనిపొండి. చీటీ చేతికి వచ్చిన తరువాత లేవబోక, "దేనితో వేసుకోవాలండి? ఎప్పుడు ఆపాలండి?" అని అడుగుడు, ఆపు తేదీని ఆ చీటీమీదనే వ్రాయించుకొని ఇంటికి రండు.